ఇంటి గుట్టు, ఇంటి క్షేమం

(బస్తీ ఆరోగ్య కార్యకర్తలు, మసీదు కమిటీ సభ్యుల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదికపై ఉన్న ఉలమా పెద్దలకు, మసీదు కమిటీల బాధ్యులకు, వివిధ బస్తీల నుంచి వచ్చిన యువకులకు, వెనుక వరుసల్లో కూర్చున్న అక్కచెల్లెళ్లకు, అందరికీ అస్సలాము అలైకుం వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.

వెనుక వరుసలు అన్న మాట ఊరికే అనలేదు. ఈ పూట మనం మాట్లాడుకోబోయే విషయాల్లో ముప్పాతిక వంతు వాళ్లు రోజూ మోస్తున్నవే. పొయ్యి దగ్గర నిలబడేది వాళ్లు. జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ వేసి రాత్రంతా మేలుకొనేది వాళ్లు. వాళ్లకు వినపడని ఆరోగ్య శిబిరం ఎవరి కోసమో మనం ఆలోచించాలి.

బస్తీల్లో ఆరోగ్యం మీద, కుటుంబ భద్రత మీద శిబిరాలు ఎలా నడపాలో చెప్పమని నన్ను అడిగారు. నేను వైద్యుణ్ణి కాను, ఆలిమ్‌నూ కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా దరఖాస్తులు తీసుకొని, నమోదు చేసి, పై అధికారి బల్ల మీద పెట్టిన మనిషిని. పదవీ విరమణ తరువాత బస్తీ పనుల్లో పడ్డాను. కనుక ఏ జబ్బుకు ఏ మందో నేను చెప్పను. అది వైద్యుల పని. శిబిరం ముగిసిన మర్నాడు ఎన్ని ఇళ్లలో ఏం మారిందన్న ఒక్క ప్రశ్న చుట్టూనే నా మాటలు ఉంటాయి.

మనకు అలవాటైన పద్ధతి ఒకటుంది. దాని పేరు ‘అవగాహన సదస్సు’. ఆ పేరులోనే కొంత అహంకారం ఉందని నాకనిపిస్తుంది, వినేవాళ్లకు అవగాహన లేనట్టూ చెప్పేవాళ్లకే ఉన్నట్టూ. పెద్ద బ్యానరు కడతారు. బ్యానరు మీద రోగం పేరు కంటే నాయకుల ఫొటోలే పెద్దవిగా ఉంటాయి. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వస్తాడు. శాలువాలు, పూలగుచ్ఛాలు అయ్యేసరికి వైద్యుడికి పది నిమిషాలు మిగులుతాయి. పాపం, ఆయన కూడా ఆ పది నిమిషాల్లో మధుమేహం, రక్తపోటు, క్యాన్సరు, గుండెపోటు అన్నీ చెప్పేసి వెళ్లిపోతాడు. బిస్కట్ ప్యాకెట్లు పంచుతారు, మర్నాడు పత్రికలో ఫొటో వస్తుంది. ఇంట్లో గ్యాసు గొట్టం మాత్రం ఎనిమిదేళ్ల కిందటిదే.

శిబిరం వేళ నిర్ణయించడంలోనే సగం పని ఉంది. మగవాళ్లకు తీరిక దొరికేది ఇషా తరువాత. ఆడవాళ్లకు అది వంటా వడ్డనా చేసే వేళ. పిల్లలు బడికి వెళ్లి, ఇంటి పని ఒక కొలిక్కి వచ్చిన తరువాత, పదకొండు గంటల నుంచి జుహర్ వరకు వాళ్లకు కొంత వెసులుబాటు ఉంటుంది. మన జిల్లాల సంగతి మీకు తెలిసిందే. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు ఏ బస్తీకి వెళ్లినా ఆడవాళ్ల ఒళ్లో బీడీల చాట ఉంటుంది. ఎన్ని బీడీలు చుడితే అంత కూలి. రెండు గంటలు శిబిరంలో కూర్చోమంటే ఆ రెండు గంటల కూలి వదులుకోమన్నట్టే. మేము మొదట్లో పిలిచినప్పుడు ఎవరూ రాలేదు. ‘మన ఆడవాళ్లకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదు’ అని కమిటీలో ఒకరు తేల్చేశారు. ఒక పెద్దామె, బస్తీ అంతా ఖాలా అని పిలిచే మనిషి, దారి చూపింది. ‘చాటలు తెచ్చుకోమనండి, చేతులు పని చేసుకుంటాయి, చెవులు ఖాళీయే కదా’ అన్నది. అలాగే చేశాం. ఆ రోజు నలభైకి పైగా వచ్చారు. పొగాకు పొడి గాలిలో లేస్తుంది కాబట్టి లోపల గదిలో కాకుండా పందిరి కింద కూర్చోబెట్టాం. పసిపిల్లలను పొగాకు చాటకు దూరంగా ఎందుకు ఉంచాలో చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం ఏముంటుంది? విడవని దగ్గు రెండు వారాలు దాటితే గళ్ల పరీక్ష చేయించుకోవాలని, క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందని, మధ్యలో ఆపకుండా వాడాలని, చికిత్స కాలమంతా పోషకాహారం కోసం నెలకు ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుంచి 500 రూపాయలకు బదులు 1,000 రూపాయలు అయిందని అక్కడే చెప్పాం. ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా వివరాలు నమోదు కాకపోతే పడదు. నా వంటి గుమస్తాకు అందులో కొంత పని దొరికింది.

రెండో సంగతి, ఒక శిబిరానికి ఒకే విషయం. ఈ నెల గ్యాసు అయితే గ్యాసు మాత్రమే. ఉదాహరణకు గ్యాసు శిబిరం ఎలా ఉండాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది అన్నిటికంటే తేలిక, ఫలితం ఆ సాయంత్రమే కనపడుతుంది.

ఉపన్యాసం అక్కర్లేదు. ఒక ఖాళీ సిలిండరు, ఒక పాత గొట్టం, ఒక కొత్త గొట్టం తెచ్చి మధ్యలో పెట్టండి. సిలిండరు పైభాగంలో, పట్టుకొనే కమ్మీ లోపలి వైపు ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. అది ఎవరూ చూడరు. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. పక్కన ఉన్న అంకెలు సంవత్సరం. ఆ గడువు లోపల ఆ సిలిండరును మళ్లీ పరీక్షకు పంపాలని అర్థం. గడువు దాటిన సిలిండరు ఇంటికి వస్తే తీసుకోనని చెప్పే హక్కు మీకుంది. నారింజ రంగు సురక్షా గొట్టం మీద కూడా తేదీ ఉంటుంది. ఐదేళ్లకు ఒకసారి మార్చాలి. పచ్చ గొట్టం, నీలం గొట్టం అంటూ సంతలో చవకగా అమ్మేవి కొనకండి. గొట్టం మీద గుడ్డ చుట్టకండి, ఎలుక కొరికినా కనపడదు. సిలిండరు నిలబెట్టి ఉంచాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. మన ఇళ్లలో స్థలం చాలక పొయ్యి నేల మీద, సిలిండరు పక్కన ఉంటుంది. రెండు వరుసల ఇటుకలు, ఒక బండ వేసుకున్నా చాలు.

వంట గ్యాసు గాలి కంటే బరువు. పైకి పోదు, నేల మీద పరచుకుంటుంది. దానికి సొంత వాసన లేదు. మనకు తెలియాలని ఆ ఘాటు వాసన కలుపుతారు. వాసన వచ్చినప్పుడు మన చెయ్యి ముందుగా లైటు స్విచ్ మీదికి పోతుంది, అదే ప్రమాదం. స్విచ్ వెయ్యకూడదు, వేసి ఉంటే ఆపకూడదు. ఫ్యాను కూడా అంతే. రెగ్యులేటరు కట్టి, తలుపులు కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి, బయటి నుంచి 1906కు ఫోను చెయ్యాలి. ఆ నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది. కారుతున్నదా లేదా అని అగ్గిపుల్ల గీసి చూసే ధైర్యవంతులు మనలో ఇంకా ఉన్నారు. సబ్బు నీళ్ల నురగ పూస్తే బుడగలు వస్తాయి, అంతకంటే పరీక్ష అక్కర్లేదు.

ఇంకొక మాట కఠినంగానే చెప్పాలి. ఇంటి సిలిండరు నుంచి ఆటోలోకి, చిన్న సిలిండర్లలోకి గ్యాసు ఎక్కించే పని కొన్ని గల్లీల్లో జరుగుతున్నది. చేసేది మన పిల్లలే, బతుకు తెరువు అంటారు. ఇరవై ఇళ్లు గోడకు గోడ కలిసి ఉన్న చోట అది బతుకు తెరువు కాదు. మసీదు కమిటీ పెద్దలు పోలీసుల దాకా పోకముందే వాళ్లను పిలిచి మాట్లాడాలి.

కాలిన గాయం మీద చల్లని కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు పోయాలి. టూత్‌పేస్టు, పసుపు, సిరా, కోడిగుడ్డు సొన ఏదీ వద్దు. ఈ ఒక్క వాక్యం ప్రతి ఇంట్లో ప్రతి పిల్లవాడికి కంఠస్థం కావాలి. రాత్రి పడుకొనే ముందు దీపాలు ఆర్పమని, పాత్రల మీద మూతలు పెట్టమని, తలుపులు వేసుకోమని ప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఆదేశించిన హదీసు బుఖారీలో ఉన్నది. ఇమామ్ సాహెబ్‌లు ఒక జుమా ఖుత్బాలో ఆ హదీసును రెగ్యులేటరు కట్టే అలవాటుతో కలిపి చెబితే మా శిబిరాలు పది కలిసినా అంత పని చెయ్యలేవు.

ఇప్పుడు రక్తహీనత సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. ఇది ఒక్క మన సమాజపు జబ్బు కాదు, అందరిదీ. మగవాళ్లలో నూటికి పాతిక మంది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే కుండ. ఇంత తేడా ఎందుకుంది? నెలసరి, కాన్పులు ఒక కారణం. ఇంకొక కారణం దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చొనే వరుస. అందరూ తిన్న తరువాత మిగిలిన పులుసు, అడుగంటిన అన్నం తినేది ఎవరో నేను చెప్పనక్కర్లేదు. మాంసం వండిన రోజు ముక్కలు ఎవరి పళ్లెంలోకి పోతాయో లెక్క చూడండి.

ఐరన్ మాత్రలు ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇస్తున్నది. అవి అల్మారాలో పడి ఉంటున్నాయి. ఎందుకని అడిగితే కడుపులో తిప్పుతుందని, విరేచనం నల్లగా వస్తుందని, వేడి చేస్తుందని అంటారు. నలుపు మామూలే, భయం లేదు. అన్నం తిన్న తరువాత వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. అసలు చిక్కు చాయ్. మన ఇళ్లలో మాత్ర వేసుకొనేది చాయ్‌తోనే, అన్నం తినగానే తాగేది చాయ్. చాయ్‌లోని వగరు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మాత్రకు, తిండికి ముందో తరువాతో ఒక గంట చాయ్ మానాలి. నిమ్మరసం మాత్రం మేలు చేస్తుంది. చాయ్ మానమంటే ఈ సభలో ఎవరూ ఒప్పుకోరని నాకు తెలుసు. అందుకే గంట అన్నాను. కలేజా, పప్పు, మునగాకు, తోటకూర, పైన నిమ్మకాయ పిండుకోవడం, ఇవేవీ ఖరీదైనవి కావు. గర్భిణులకు 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు మాత్రలు ఇవ్వాలన్నది ప్రభుత్వ నియమం. అందకపోతే అడగండి. పద్దెనిమిది నిండక ముందే పెళ్లి చేసిన పిల్ల విషయంలో ఈ లెక్కలన్నీ రెట్టింపు బరువెక్కుతాయి. అదే సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిదికి ముందే పెళ్లయినవాళ్లు తెలంగాణలో నూటికి 23 మందికి పైగా, ఆంధ్రలో 29 మందికి పైగా ఉన్నారు. నికాహ్ చదివించే ఖాజీ సాహెబ్‌లు పుట్టిన తేదీ కాగితం చూడకుండా రిజిస్టరు తెరవకూడదని ఈ వేదిక మీద నుంచి మనవి చేస్తున్నాను.

రంజాన్‌కు నెల ముందు మధుమేహ రోగుల శిబిరం ఒకటి తప్పక పెట్టండి. రోగికి, ప్రయాణికుడికి ఉపవాసం వాయిదా వేసుకొనే వెసులుబాటు సూరా బఖరాలోనే ఉంది. అయినా ‘ఇన్నేళ్లు ఒక్క రోజా కూడా వదల్లేదు’ అని ఇన్సులిన్ ఆపేసి ఉపవాసం ఉండే పెద్దలు ప్రతి బస్తీలో ఉన్నారు. ఎవరు ఉండవచ్చు, ఎవరు ఉండకూడదు, మందుల వేళలు సహెరీకి, ఇఫ్తారుకు ఎలా మార్చుకోవాలి అన్నది ఒక్కొక్కరి విషయంలో వైద్యుడే చెప్పాలి. వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్ష చేస్తే ఉపవాసం భంగం కాదని ఉలమాలు స్పష్టంగా చెప్పారు. ఆ పరీక్షలో చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం విరమించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ రెండు మాటలూ ఒకే వేదిక మీద ఒక ఆలిమ్, ఒక వైద్యుడు పక్కపక్కన కూర్చొని చెప్పాలి. వేర్వేరుగా చెబితే మనవాళ్లు తమకు నచ్చినదే వింటారు.

టీకాల విషయంలో మన మీద ఒక నింద ఉంది, ముస్లింలు టీకాలకు వ్యతిరేకులని. చరిత్ర ఏం చెబుతున్నదో చూడండి. 2002లో మన దేశంలో నమోదైన దాదాపు 1,600 పోలియో కేసుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఉత్తరప్రదేశ్‌వే. అక్కడి పేద ముస్లిం బస్తీల్లో చుక్కలకు ఎదురు తిరిగినవాళ్లు ఉన్నమాట నిజం. పిల్లలు పుట్టకుండా చేస్తారన్న పుకారు ఒక కారణమైతే, ఇంకొక కారణం మీద ఎవరూ మాట్లాడరు. మురుగు తీయడానికి రానివాళ్లు, మంచినీళ్లు ఇవ్వనివాళ్లు, జ్వరం వస్తే చూడనివాళ్లు ఈ చుక్కలు వెయ్యడానికి మాత్రం నెలనెలా తలుపు తట్టడం ఎందుకన్న అనుమానం అది. అది అజ్ఞానం కాదు, అనుభవం. ఆ బస్తీల నుంచే కార్యకర్తలను తీసుకున్నప్పుడు, ఇమామ్‌లు మసీదు మైకులో పిలుపునిచ్చినప్పుడు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా వంటి సంస్థలు చెయ్యి కలిపినప్పుడు పరిస్థితి మారింది. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో కేసు లేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతానికి పోలియో రహిత ధ్రువీకరణ ఇచ్చింది. అందులో మన ఇమామ్‌ల, మన తల్లుల వాటా ఉంది. ఆ వాటా చెప్పేవాళ్లు తక్కువ. మనమైనా చెప్పుకోవాలి.

ఇంతవరకు చెప్పినదంతా తేలిక భాగం. అందరూ తలలూపారు. ఇక చెప్పబోయేదానికి కొందరు తలలు దించుకుంటారని తెలుసు. ఇంట్లో చెయ్యి చేసుకోవడం, పిల్లల మీద లైంగిక అత్యాచారం, ఈ రెండూ మన శిబిరాల్లోకి ఇంతవరకు రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే ఒకే జవాబు వస్తుంది. ‘ఇప్పటికే మన సమాజాన్ని టీవీల్లో రోజూ తిడుతున్నారు. మన ఇంటి గుట్టు మనమే బయట పెడితే వాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టే కదా’ అంటారు.

ఈ మాటను నేను తేలిగ్గా తీసిపారెయ్యను. 2020లో కరోనా వచ్చినప్పుడు ఒక్క మర్కజ్ సమావేశం అడ్డం పెట్టుకొని దేశంలోని ముస్లింలందరినీ రోగం మోసుకొచ్చినవాళ్లుగా ఎలా చూపించారో మనం మరచిపోలేదు. కూరగాయలమ్మే పిల్లవాడిని గల్లీలోకి రానివ్వలేదు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తబ్లీగీ సభ్యులను బలిపశువులను చేశారని తీర్పులో రాసింది. కాని తీర్పు చదివినవాళ్ల కంటే టీవీ చూసినవాళ్లు ఎక్కువ. ఆ గాయం ఉన్నవాళ్లు గుట్టు అన్న మాటను గట్టిగా పట్టుకోవడం సహజం.

అయితే ఆ గుట్టు ఖరీదు ఎవరు కడుతున్నారు? దెబ్బలు తిన్న ఆడపిల్ల కడుతున్నది. ఆమె పుట్టింటికి వస్తే నాలుగు రోజులుంచుకొని, సర్దుకుపొమ్మని పంపిస్తున్నాం. పసిబిడ్డ కడుతున్నది. సమాజం పరువు అనే పెద్ద మూటను ఇంట్లో అందరికంటే చిన్న భుజం మీద పెడుతున్నాం. బయటివాళ్ల దాడి నుంచి సమాజాన్ని కాపాడుకోవడం మన హక్కు. ఆ హక్కును లోపలి బలహీనుణ్ణి నోరు మూయించడానికి వాడుకొనే అధికారం మనకు ఎవరిచ్చారు?

చట్టం గురించి ఒక అపోహ తొలగించాలి. 2019లో తలాఖ్ మీద వచ్చిన చట్టం భర్తను మూడేళ్ల దాకా జైలుకు పంపుతుంది. పౌర సంబంధమైన తగాదాను నేరంగా మార్చడం మీద మనకు అభ్యంతరం ఉంది, దాన్ని చెబుతూనే ఉంటాం. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 చట్టం వేరు. అది 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది, అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. భార్యకే కాదు, తల్లికి, చెల్లెలికి కూడా. కొట్టవద్దని, ఇంట్లో నుంచి గెంటవద్దని, ఖర్చులకు ఇవ్వమని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తాడు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆమెకు అందులో నివసించే హక్కు ఉంది. భర్తను మొదటి రోజే జైల్లో వెయ్యడం ఈ చట్టం ఉద్దేశం కాదు. ఉత్తర్వు మీరితేనే నేరం. దరఖాస్తు రాయడానికి, కోర్టులో నడపడానికి రక్షణాధికారి ఉంటారు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది. ఫోను నంబర్లు రెండు: మహిళలకు 181, న్యాయ సేవలకు 15100.

పిల్లల విషయం ఇంకా ముఖ్యం. మనం పిల్లలకు కొత్త మనిషి ఇచ్చిన చాక్లెట్ తీసుకోవద్దని నేర్పుతున్నాం. ఇలాంటి కేసుల్లో అత్యధిక భాగం బిడ్డకు తెలిసినవాళ్లే నిందితులని ఏటా ప్రభుత్వ నేర గణాంకాలు చెబుతున్నాయి. చుట్టం, పక్కింటివాడు, పాఠం చెప్పేవాడు, ఆటో నడిపేవాడు. కనుక బిడ్డకు నేర్పవలసింది కొత్తవాళ్ల భయం కాదు. ఎవరైనా సరే, ఒంటి మీద ముట్టరాని చోట ముట్టినా, ఎవరికీ చెప్పవద్దన్నా, వెంటనే అమ్మీకో అబ్బాకో చెప్పే ధైర్యం. బిడ్డ చెప్పినప్పుడు పెద్దల నోటి నుంచి వచ్చే మొదటి మాట చాలా ముఖ్యం. ‘నువ్వెందుకు వెళ్లావు’ అంటే బిడ్డ ఇంకెప్పుడూ చెప్పదు. ‘మంచి పని చేశావు, చెప్పావు’ అనాలి. ఈ మాటలు శిబిరంలో తల్లిదండ్రుల చేత నోటితో అనిపించండి. మొదట సిగ్గుపడతారు, రెండోసారి అంటారు.

2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు అందరూ పిల్లలే, ఆడ మగ తేడా లేదు. తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి, చెయ్యకపోవడమే నేరం. పెద్దమనుషులు కూర్చొని డబ్బు ఇప్పించి రాజీ చెయ్యడానికి ఆ చట్టంలో చోటు లేదు. మసీదు కమిటీ సభ్యులు ఇది మరీ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మనల్ని రాజీకే పిలుస్తారు. బిడ్డను స్టేషనుకు తిప్పనవసరం లేదు. మహిళా అధికారి మామూలు దుస్తుల్లో ఇంటికి వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. పిల్లల నంబరు 1098. మక్తబ్ అయినా, ట్యూషన్ అయినా, ఖుర్ఆన్ నేర్పే ఇల్లయినా తలుపు తెరిచి ఉండాలి, ఒక్క బిడ్డను ఒంటరిగా ఉంచకూడదు. ఇది ఏ ఉస్తాద్‌నూ అనుమానించడం కాదు. మంచి ఉస్తాద్‌కు ఈ నియమమే రక్ష.

మనసుకు వచ్చే బాధ గురించి ఒక్క ముక్క. నిద్ర పట్టకపోవడం, బతుకు మీద విరక్తి, అకారణ భయం, ఇవన్నీ నజర్, జిన్ను అని తావీజు దగ్గరే ఆగిపోతున్నాయి. దుఆ చేయించండి, వద్దనను. దానితోపాటు 14416కు ఫోను చెయ్యండి. తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

ఈ నంబర్లన్నీ నమాజు వేళల బోర్డు పక్కనే గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఆడవాళ్లు మసీదుకు రాని చోట రేషను దుకాణం గోడ మీద, అంగన్‌వాడీ తలుపు మీద.

చివరగా నా సొంత విద్య, అర్జీ గురించి. మనం గొట్టాలు మార్చుకుంటాం, మాత్రలు వేసుకుంటాం, పిల్లలకు నేర్పుతాం. అంతమాత్రాన ప్రభుత్వం బాధ్యత తీరిపోదు. 2006లో సచార్ కమిటీ రాసిన ఒక విషయం నాకు ఎప్పుడూ గుర్తు. ముస్లింలు గణనీయంగా ఉన్న పెద్ద గ్రామాల్లో దాదాపు నూటికి 40 గ్రామాలకు ఏ వైద్య సదుపాయమూ లేదని. అదే నివేదికలో ఇంకొకటి ఉంది. పేదరికం ఎక్కువున్నా ముస్లిం శిశువుల మరణాల రేటు సగటు కంటే కొంత తక్కువని. అంటే మన తల్లులు ఉన్నదానితో బిడ్డల్ని నిలబెట్టుకున్నారు. దవాఖానా ఉంటే ఇంకెంత నిలబెట్టుకొనేవారో.

కాబట్టి ప్రతి శిబిరం చివర ఒక అర్జీ తయారు కావాలి. మా బస్తీకి ఏఎన్ఎం నెలకు ఎన్నిసార్లు రావాలి, ఎన్నిసార్లు వచ్చింది? మురుగు కాలువ చివరిసారి ఎప్పుడు తీశారు? మంచినీటి గొట్టం ఆ కాలువలోంచే ఎందుకు పోతున్నది? తేదీ వెయ్యండి, రెండు ప్రతులు రాయండి, రెండో ప్రతి మీద కార్యాలయం ముద్ర, సంతకం తీసుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టు కాదని ఇన్నేళ్ల ఉద్యోగంలో చూశాను. నెల గడిచినా కదలిక లేకపోతే అదే ప్రశ్నను సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కోపంగా రాయవద్దు. పొగడ్తలూ వద్దు. ‘దయగల తమరు’ అని రాసే రోజులు పోయాయి. ప్రమాదంలో ఉన్న మనిషికి, పోలీసు కాగితాల కోసం ఆగకుండా వెంటనే వైద్యం చెయ్యాలని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ, ప్రైవేటు అన్న తేడా అందులో లేదు. అది దయ కాదు, రాజ్యాంగం 21వ అధికరణం. బురఖా చూసో, పేరు విని ముఖం చిట్లించో పంపేసిన చోట, తేదీ, వేళ, అన్న మాట రాసి పెట్టుకోండి. గొంతు పెంచి గొడవపడితే రెండో రోజు మన గొడవే మిగులుతుంది, కాగితం ఉంటే వాళ్లు జవాబు రాయాలి.

జుహర్ వేళ అవుతున్నది. బల్ల మీద రిజిస్టరు పెట్టాం. మీ బస్తీ పేరు, ఏ నెలలో ఏ విషయం మీద శిబిరం పెడతారో రాసి సంతకం చెయ్యండి. పక్కనే అర్జీ నమూనాలు, సిలిండరు గడువు చదివే కాగితాలు ఉన్నాయి. నమాజు, భోజనాలు అయ్యాక ఏఎన్ఎం గారు హిమోగ్లోబిన్, చక్కెర పరీక్షలు చేస్తారు. అక్కచెల్లెళ్లకు పక్క గదిలో వేరుగా ఏర్పాటు ఉంది. ఇక్కడ మాత్రం మొదట వేలు చాచేది వేదిక మీద కూర్చున్న మేమే.